ఓడ జాబితాలో ఇంటిపేరు లేదు

దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు మన కూలీలను మోసుకెళ్ళిన ఓడల జాబితాలు డర్బన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. మనిషికో వరుస. వలస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద మచ్చలు: ఇవీ అందులోని గడులు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడతో మొదలైన ఈ లెక్క, 1911లో కూలీల రవాణా ఆగిపోయేనాటికి 1,52,184కు చేరింది. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కినవారే. తమిళుల పక్కన తెలుగువారూ ఉన్నారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలవారు, ఉత్తర ఆర్కాటు తెలుగువారు ఆ పుటల్లో కనిపిస్తారు.

అందులో ఒక వరుస ఇలా ఉందనుకుందాం. ఇది నమూనా మాత్రమే. అప్పన్న, తండ్రి వెంకన్న, 24 ఏళ్ళు, మగ, కాపు, గోదావరి జిల్లా, ఏలూరు తాలూకా, గూడెం, ఎడమ మోకాలిపైన మచ్చ. ఈ అప్పన్న మునిమనవడి కొడుకు ఆ కాగితం నకలు పట్టుకుని ఏలూరు స్టేషన్లో దిగాడు. తన తాతకు తాత పుట్టిన ఇంటిని, ఇక్కడే ఉండిపోయిన జ్ఞాతులను అతను కనుక్కోగలడా?

దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు లేదు. చేతిలో ఉన్న ఒక్కో ఆధారం అనుమానాన్ని ఎంతమేరకు తగ్గిస్తుందో విడివిడిగా తూచాలి. తూచేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఏ దస్తావేజైనా దాన్ని రాయించినవాడికి ఎంత అవసరమో అంతవరకే మనిషిని పట్టుకుంటుంది. తోట యజమానికి కావలసింది ఐదేళ్ళ ఒప్పందం ఎవరిమీద ఉందో తెలియడం, పారిపోతే గుర్తుపట్టి వెనక్కి తేవడం. అందుకు సంఖ్య, మచ్చ చాలు. ఇంటిపేరుతో అతనికి పని లేదు కాబట్టి దానికి గడే పెట్టలేదు. మన ఊళ్ళలో మొదట అడిగేదే ఇంటిపేరు. సంబంధం కుదర్చాలన్నా, పొలం పంచాలన్నా, మైల పట్టాలన్నా అదే ఆధారం. అక్కడి కాగితంలో ఉన్న సంఖ్య ఇక్కడివాళ్ళకు తెలియదు, ఇక్కడివాళ్ళు అడిగే ఇంటిపేరు అక్కడి కాగితంలో లేదు. రెండు చివరలనూ కలపగల ఉమ్మడి ఆనవాలు ఊరిపేరు ఒక్కటే. దిగిన దేశంలో తాత సొంతపేరో, పేరు చివరి గౌరవపదమో వంశం పేరైపోయింది. డర్బన్ చుట్టుపక్కల నాయుడు, రెడ్డి, అప్పలస్వామి అనేవి ఇవాళ ఇంటిపేర్లు.

మారిషస్‌లోనూ ఇదే కథ. 1834 నుంచి 1910 దాకా అక్కడికి దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులు వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరింగ రేవు పేరే అక్కడ తెలుగువారికి పేరైంది. వారి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి, కొన్నేళ్ళవారికైతే ఫొటోలు కూడా దొరుకుతాయి. మారిషస్‌లో పుట్టిన ఫ్రెంచి రచయిత్రి నతాషా అప్పన్నా 2023లో ప్రచురించిన పుస్తకంలో, 1872లో ఆంధ్ర ప్రాంతం నుంచి ఓడెక్కిన తన పూర్వీకుల జాడ తీశారు. ఆమె చేతికందిన గట్టి ఆధారాల్లో వాళ్ళ వలస సంఖ్యలు ముఖ్యమైనవి. పేరుమోసిన రచయిత్రి కూడా తన ముత్తాతల దగ్గరికి అంకెల మీదుగానే నడవవలసి వచ్చిందన్నమాట.

పూర్వీకుల జాడ తీసే విద్యలో ఆరితేరినవారు అమెరికాలోని జర్మన్ సంతతివారు. వారికి చిక్కులు లేవని కాదు. బ్రెమెన్ రేవు ప్రయాణికుల జాబితాలు చాలావరకు నాశనమయ్యాయి. అయితే హాంబర్గ్ రేవు జాబితాలు 1850 నుంచి 1934 దాకా చాలావరకు మిగిలాయి. జర్మనీ పల్లె చర్చిలో బాప్తిస్మం పుస్తకం ఉంటుంది, పెన్సిల్వేనియా చర్చిలో పెళ్ళి పుస్తకం ఉంటుంది, రెండింటిలోనూ అదే ఇంటిపేరు ఉంటుంది. పదేళ్ళకోసారి జరిగే అమెరికా జనగణనలో ఇంటింటి పేర్ల పట్టికలు 72 ఏళ్ళ తర్వాత అందరికీ తెరుస్తారు. 1950 పట్టికలు 2022లో తెరిచారు. మన జనగణనలో అంకెలు మిగిలాయి, పేర్లు మిగలలేదు. 1881లో ఏలూరులో ఎంతమంది ఉన్నారో చెప్పగలం, ఎవరెవరు ఉన్నారో చెప్పలేం. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టి, 1807లో పిల్లవాడిగా ఫిలడెల్ఫియా చేరి, 1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీగా వచ్చిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ జీవితాన్ని మూడు ఖండాల మీదుగా అడుగడుగునా చెప్పగలుగుతున్నాం. ఆయన్ను పంపిన సంఘం ఉత్తరాలు రాయమంది, లెక్కలు అడిగింది, వాటిని దాచింది. మన అప్పన్నను ఉత్తరం రాయమన్నవారు లేరు.

సరే, ఊరిపేరు పట్టుకుని వద్దాం. ముందు జిల్లా. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు కలెక్టరేట్లను కలిపి, మళ్ళీ గోదావరి, కృష్ణా అని రెండు జిల్లాలుగా విడదీశారు. ఏలూరు తాలూకా గోదావరిలో ఉండేది. 1904లో ఏలూరు, యర్నగూడెం, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను కృష్ణాలో కలిపారు. 1925లో ఏలూరు ముఖ్యపట్టణంగా పశ్చిమగోదావరి ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న అదీ విడిపోయి ఏలూరు జిల్లా వేరైంది, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. ఒకే ఇంటి అన్నదమ్ములు ఒకరు 1890లో, ఒకరు 1906లో ఓడెక్కి ఉంటే, జాబితాలో ఒకరిది గోదావరి జిల్లా, ఇంకొకరిది కృష్ణా జిల్లా. ఈ సంగతి తెలియనివాడు వాళ్ళను వేరువేరు ప్రాంతాలవారిగా లెక్కగట్టి, చేతికందిన ఆధారాన్ని తానే పారేసుకుంటాడు. కొల్లేరు దగ్గర ఈ చిక్కు ఇంకా ఎక్కువ. సరస్సుకు ఉత్తరాన ఏలూరు తాలూకా గోదావరి జిల్లా, నైరుతి వైపు కైకలూరు తాలూకా కృష్ణా జిల్లా. మధ్యలో లంకల్లోని మనిషి మనసులో ఏ జిల్లా గీతా ఉండేది కాదు. గుమస్తా అడిగితే ఏదో ఒకటి చెప్పి ఉంటాడు.

ఇక ఊరు. ఇవాళ ఈ చుట్టుపక్కల బస్సు కండక్టరు ‘గూడెం’ అని అరిస్తే అది తాడేపల్లిగూడెమే. పందొమ్మిదో శతాబ్దపు కాగితంలో గూడెం అని ఉంటే అలా అనుకోకూడదు. తాడేపల్లిగూడెం అప్పట్లో తాలూకా కేంద్రం కాదు. యర్నగూడెం ఉంది, జంగారెడ్డిగూడెం ఉంది, వాటికి తోడు అసలు ఊరికి ఎడంగా ఉన్న ప్రతి చిన్న పేటా ఏదో ఒక గూడెమే. లంకల సంగతీ అంతే. గుడివాకలంక, కోమటిలంక, ప్రత్తికోళ్ళలంక అంటూ చివర అదే మాట వస్తుంది, ముందు మాటను గుమస్తా వదిలేస్తే మిగిలేది లంక ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాలు డకారానికీ దకారానికీ, లకారానికీ ళకారానికీ తేడా చూపవు, దీర్ఘం ఉందో లేదో చెప్పవు. శృంగవరప్పాడు, చెట్టున్నపాడు లాంటి పేరు తమిళ గుమస్తా చెవిన పడి, ఇంగ్లీషు గడిలోకి ఎక్కి, డర్బన్‌లో ఇంకొకరి చేతిరాతలో నకలైతే ఎలా మారుతుందో ఊహించుకోవచ్చు. అందుకే పరిశోధకుడు ఒక స్పెల్లింగుకు ఒక ఊరు అనుకోకూడదు. ఆ స్పెల్లింగు ఎన్ని తెలుగు పేర్లకు చెల్లుతుందో అన్నింటినీ ముందు రాసుకుని, తాలూకా పటం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ రావాలి.

ఊరు తేలిందే అనుకుందాం. ఆ ఊళ్ళో వెంకన్న కొడుకు అప్పన్న కుటుంబం ఏది? ఇక్కడ చిన్న లెక్క ఉంది. నూరుమంది మగవారిలో ఐదుగురికి అప్పన్న అనే పేరు, ఐదుగురికి వెంకన్న అనే పేరు ఉందనుకుంటే, ఏదో ఒక మనిషి అప్పన్న అయి, అతని తండ్రి వెంకన్న అయ్యే అవకాశం నాలుగువందల్లో ఒకటి. నాలుగువందలమంది మగవారున్న ఊళ్ళో కేవలం యాదృచ్ఛికంగానే అలాంటివాడు ఒకడుంటాడు. అంటే పేర్లు కలిశాయి కాబట్టి మనవాడే అనడానికి వీల్లేదు. అసలు ఈ లెక్క కూడా మన దగ్గర సరిగా నడవదు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆచారం ఉన్న ఇంట్లో వెంకన్న కొడుకు అప్పన్న, అతని కొడుకు వెంకన్న, మళ్ళీ అతని కొడుకు అప్పన్న. ఇల్లు సరిగానే దొరికినా రెండు తరాలు అటో ఇటో జారిపోవచ్చు. వయసు గడి ఇక్కడే అక్కరకొస్తుంది, అందులో వయసు సుమారుగా వేసిందే అయినా.

మన వైపున్న కాగితాలు చూద్దాం. గ్రామాల రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, ఇనాం కమిషన్ రాయించిన ఫెయిర్ రిజిస్టర్లు పాతకాలపు పేర్లకు మంచి గనులు. జిల్లా పాత దస్తావేజులు మద్రాసు ప్రెసిడెన్సీవి కాబట్టి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ వెతకాలి. కానీ ఇవి శిస్తు కోసం పుట్టిన పుస్తకాలు. భూమి ఉన్నవాడి పేరే వీటిలోకి ఎక్కుతుంది. ఓడెక్కినవారిలో చాలామందికి సెంటు భూమి లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువ నీరు పారిన ఊళ్ళలో సాగు పెరిగి, రైతుకు వలస అవసరం తగ్గింది. వెళ్ళింది ఎక్కువగా నీరు అందనివాడు, నీరు అందిన పొలంలో వాటా లేనివాడు. పిచ్చుకుంట్లవారు రెడ్డి, కమ్మ కుటుంబాల ఇంటిపేర్లను, గోత్రాలను, వంశావళులను తరతరాలుగా నోటికి చెబుతూ వచ్చారు. ఆ జ్ఞాపకశక్తి అబ్బురమనిపిస్తుంది, అయితే అది కూడా పోషకుల కోసం నిలిచిన జ్ఞాపకమే. ఏలూరు మాలపల్లి నుంచి వెళ్ళినవాడిని పద్యంలో పెట్టుకున్నవారెవరూ లేరు. అలాంటి కుటుంబాలకు మొదటి కాగితం చర్చిలోనే పుట్టింది. చర్చ్ మిషనరీ సొసైటీ 1854లో ఏలూరులో పని మొదలుపెట్టింది. తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ రాసిన బాప్తిస్మం పుస్తకం పేదవాడికి పట్టా లాంటిది. డెల్టాలో ఈ వెతుకులాట చేసేవారు భూమి రికార్డుల కంటే ముందు వీటిని చూడాలని నా అభిప్రాయం. చెదలు పట్టకముందే చూడాలి.

దూరం పోయినవాడి కంటే దగ్గరికి పోయినవాడి జాడ తీయడం కష్టం. కాకినాడ, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళిన తెలుగువారు తోట కూలీల కంటే ఎన్నోరెట్లు ఎక్కువ. 1931 జనగణన నాటికి బర్మాలో తెలుగు మాట్లాడేవారు లక్షన్నరకు పైగా ఉన్నారు. కానీ 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. సరిహద్దు లేదు కాబట్టి వలస చట్టం పట్టించుకోలేదు, మచ్చలు చూసి రాసుకునే గుమస్తా లేడు. డెక్కు టిక్కెట్టు కొనుక్కుని మేస్త్రీ వెంట వెళ్ళినవాడి పేరు మేస్త్రీ పద్దు పుస్తకంలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 1942లో జపాను దాడికి అడవుల్లో నడిచి వెనక్కి వచ్చినవారి కథలు ఇళ్ళలో మిగిలాయి. రాకుండా పోయినవారికి కథలూ లేవు.

ఇదే డెల్టా నుంచి అమెరికా వెళ్ళిన ఒక మనిషిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగారు. 1923 ఫిబ్రవరిలో, భగత్‌సింగ్ తింద్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అనర్హులని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1946లో చట్టం మారింది గాని, 1948 ఆగస్టులో కన్నుమూసేనాటికి ఆయన ఆ దేశ పౌరుడు కాలేదు. అనుమానించే రాజ్యం ఎక్కువ రాసుకుంటుంది. ఆ కాలపు అమెరికా రేవు జాబితాల్లో స్వదేశంలోని దగ్గరి బంధువు పేరు, చిరునామా, టిక్కెట్టు డబ్బు ఎవరు కట్టారు, చేతిలో ఎంత ఉంది, ఎవరి దగ్గరికి వెళుతున్నారు అనే గడులుండేవి. అవసరమైతే తిప్పి పంపడానికి అడిగిన ప్రశ్నలవి, కానీ వంశవృక్షం గీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? 1940లో విదేశీయులందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలని చట్టం తెచ్చారు. వీటికి తోడు హార్వర్డ్ ప్రయోగశాల పత్రాలు, 1925లో వచ్చిన ఫిస్క్–సుబ్బారావు భాస్వరం కొలత పద్ధతి, లెడర్లీ సంస్థ పరిశోధనలు. ఆయన నాయకత్వంలో అక్కడ తయారైన డైఇథైల్ కార్బమజీన్, డీఈసీ పేరుతో, ఆయన పుట్టిన గడ్డకే తిరిగొచ్చింది. బోదకాలు నివారణకు గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే.

ఇక జన్యు పరీక్ష. కాగితాలు దొరకనివారు ఇవాళ మొదట దీని వైపే చూస్తున్నారు. లాలాజలం సీసాలో పోసి పంపితే పూర్వీకుల ఊరు తెలుస్తుందన్న ఆశ విదేశాల్లోని మనవారిలో బలంగా ఉంది. ఆశకూ లెక్కకూ మధ్య ఎంత దూరమో చూద్దాం. తాతకు తాత నుంచి మనిషికి వచ్చే జన్యు వాటా సగటున పదహారో వంతు. నాటాల్ వెళ్ళిన అప్పన్నకు ఇక్కడ ఉండిపోయిన అన్న ఉన్నాడనుకుంటే, అన్న మునిమనవడి కొడుకూ అప్పన్న మునిమనవడి కొడుకూ ఉమ్మడిగా పంచుకునేది సగటున 512లో ఒక వంతు, అంటే 0.2 శాతం. సగటు అంత చిన్నదైనప్పుడు, ఆ వరుస అయిన జంటల్లో దాదాపు సగం మందికి పరీక్షలో ఒక్క ఉమ్మడి ముక్క కూడా దొరకదు. కాబట్టి పరీక్ష కలవలేదంటే బంధువు కాదని అర్థం చేసుకోకూడదు.

కలిసినా తొందరపడకూడదు. ఇక్కడే మన సమాజానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. పాశ్చాత్య కంపెనీల లెక్కలు బయటి సంబంధాలు చేసుకునే జనాభాను మనసులో పెట్టుకుని తయారైనవి. మన దగ్గర మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాలు నిన్నమొన్నటిదాకా మామూలే. మేనత్త మేనమామ పిల్లల పెళ్ళిలో పుట్టిన బిడ్డకు జన్యువులోని ఒక స్థానంలో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి, మేనమామ మేనకోడళ్ళ బిడ్డకు ఎనిమిదింట ఒకటి. తరాల తరబడి అవే కుటుంబాలు పిల్లనిచ్చి పుచ్చుకుంటే ఇద్దరు మనుషుల మధ్య బంధుత్వం ఒక దారిలో కాక నాలుగైదు దారుల్లో నడుస్తుంది. ఆరో తరం బంధువు మూడో తరం బంధువులా కనిపిస్తాడు. దీనికి తోడు కులంలోనే పెళ్ళిళ్ళు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, భారతదేశంలో అనేక సమూహాలు చిన్న మూలజనాభా నుంచి పెరిగి, తమలో తామే సంబంధాలు చేసుకుంటూ వచ్చాయని చూపింది. అలాంటి సమూహంలో ఇద్దరు అపరిచితులకు కూడా కొన్ని ముక్కలు కలుస్తాయి. పరీక్ష ‘దగ్గరి చుట్టం’ అంటే దాని అర్థం ‘మీ కులంలో మనిషి’ అని మాత్రమే కావచ్చు.

పోల్చడానికి ఆధార నమూనాలూ తక్కువే. ప్రపంచవ్యాప్త 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో తెలుగువారి తరఫున ఉన్నది బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది. వారిలో డెల్టా రైతులు ఎందరో, కొల్లేటిలో చేపలు పట్టే వడ్డీలు అసలు ఉన్నారో లేరో ఆ సమాచారం నుంచి తేలదు. అలాంటి నమూనాతో పోల్చి ‘మీది దక్షిణ భారతం’ అంటే సరే, ‘మీది గుడివాకలంక’ అంటే నమ్మకూడదు.

ఇంత చెప్పాక ఒక వెలుగు కూడా చూపాలి. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళుతుంది. మన ఇంటిపేరూ అంతే, ఒకే ఇంటిపేరువాళ్ళు పెళ్ళాడరు కూడా. గుమస్తా గడి పెట్టని ఇంటిపేరు అప్పన్న ఒంట్లో, అతని కొడుకుల్లో, మనవళ్ళలో వై క్రోమోజోము రూపంలో ప్రయాణించిందన్నమాట. ఊరు కాగితంతో తేలి, ఆ ఊళ్ళో అదే కులంలో మూడు నాలుగు ఇంటిపేర్లు మిగిలినప్పుడు, ఒక్కో ఇంటిపేరు నుంచి ఒక మగవాడు ఒప్పుకుని పరీక్షకిస్తే వాటిలో కలవనివాటిని గట్టిగానే కొట్టేయవచ్చు. కొట్టేయడానికే ఇది పనికొస్తుంది. కలిసినదాన్ని ఖాయం చేయడానికి చాలదు, ఎందుకంటే అది చాలా నెమ్మదిగా మారుతుంది, ఐదు తరాల జ్ఞాతికీ పదిహేను తరాల జ్ఞాతికీ తేడా తేల్చి చెప్పలేదు. దత్తతలు, ఇల్లరికాలు ఉండనే ఉన్నాయి. వెళ్ళిన ఆడవారికి ఈ దారి కూడా లేదు. నాటాల్ ఓడల్లో వందమంది మగవారికి నలభైమంది ఆడవారు ఉండాలని నిబంధన. వారి జాడకు తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా జన్యువే ఆధారం. అది కోడలిగా ఊరు మారే ఆడపిల్లతోపాటు ప్రతి తరంలోనూ ఊరు మారుతుంది.

అందువల్ల మన సాయం అందవలసిన చోటు ప్రయోగశాల కంటే ముందు ఊరిపేర్ల దగ్గర. ఏలూరు, తణుకు, భీమవరం, కైకలూరు పాత తాలూకాల గ్రామాలకు, శివారు పేటలకు, లంకలకు ఒక పట్టిక తయారు చేయడం ఒక కళాశాల చరిత్ర విభాగం రెండేళ్ళలో చేయగల పని. ఇప్పటి పేరు, పాత సెటిల్‌మెంటు రిజిస్టర్లలోని పేరు, ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాశారో అన్నీ, 1859, 1904, 1925, 2022లలో ఏ జిల్లా, ఊళ్ళోని పాత ఇంటిపేర్లు, దగ్గరి చర్చి పుస్తకం ఎప్పటి నుంచి ఉంది: ఇంత చాలు. డర్బన్‌లోనో మోకాలోనో కూర్చున్నవాడు తన వరుసను దీనితో సరిపోల్చుకుంటే నలభై ఊళ్ళు నాలుగవుతాయి. కొల్లేటి లంకలకు మాత్రం ఇంకో గడి అదనంగా కావాలి, ఏ వరదకు ఏ పేట ఎక్కడినుంచి ఎక్కడికి జరిగిందో రాసుకోవడానికి. ఆ గడి నింపడానికి ఆర్కైవ్స్‌లో ఏమీ దొరకదు, లంకల్లోని ముసలివాళ్ళను అడగాలి, పట్టిక పని అక్కడే మొదలుపెట్టాలి.